ఉద్యోగానికి వెళ్లే తల్లిదండ్రులు: ఇంటి పని ఎలా పూర్తవుతోంది?

తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లోనూ వంట, అంట్లు, బట్టలు, పిల్లల హోంవర్కు, పెద్దవాళ్ల మందులు అన్నీ మిగతా ఇళ్లలో ఉన్నట్టే ఉంటాయి. వాటికి దొరికే సమయం మాత్రం రోజుకు ఎనిమిది గంటలు తగ్గిపోతుంది. హైదరాబాద్, బెంగళూరు ట్రాఫిక్‌ను కలిపితే ఇంకా ఎక్కువే. మిగిలిన కాస్త సమయంలో అంత పనీ ఎలా పూర్తవుతోంది, ఎవరు పూర్తి చేస్తున్నారు అన్న ప్రశ్నను ఆర్థికశాస్త్రం చాలాకాలం పట్టించుకోలేదు.

అమెరికా ఆర్థికవేత్త మార్గరెట్ రీడ్ 1934లో దీనికో కొలబద్ద ఇచ్చారు. డబ్బిచ్చి మరొకరితో చేయించుకోగలిగిన పని ఏదైనా ఉత్పత్తే. ఆ లెక్కన అన్నం వండడం ఉత్పత్తి, తినడం కాదు. 1965లో గ్యారీ బెకర్ కుటుంబాన్ని ఒక చిన్న ఫ్యాక్టరీలా చూశారు. బజారులో కొన్న సరుకుకు ఇంటివాళ్ల సమయం కలిస్తేనే భోజనమైనా, పిల్లల పెంపకమైనా తయారవుతుంది. జీతం పెరిగేకొద్దీ ఇంట్లో గడిపే గంట ఖరీదవుతుంది కాబట్టి సమయాన్ని ఆదా చేసే వస్తువులు కొంటారన్నది ఆయన వాదన. తెలుగు నగరాల్లో వీధికొకటి వెలసిన కర్రీ పాయింట్లు దీనికి పాఠ్యపుస్తకంలో లేని ఉదాహరణ. ఇంట్లో కుక్కర్‌లో అన్నం పెట్టుకుని, కూర, పప్పు, సాంబారు పొట్లాలు తెచ్చుకుంటారు. ప్యాకెట్లో అమ్మే ఇడ్లీ పిండి, వాషింగ్ మెషీన్ చేసే పనీ అదే.

అయితే జాతీయాదాయ లెక్కలు రీడ్ కొలబద్దను పూర్తిగా ఒప్పుకోలేదు. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఇంటి కోసం బావి నుంచి నీళ్లు మోసుకురావడం ఉత్పత్తి కిందికి వస్తుంది. ఆ నీళ్లతో వంట చేయడం రాదు!

మన దేశంలో ఈ పని కొలత తెలిసేది జాతీయ గణాంక కార్యాలయం చేసే సమయ వినియోగ సర్వేలో. 2019 సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొన్న మహిళలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వాటికి వెచ్చించారు. 2024లో అవి 289, 88 అయ్యాయి. మహిళలకు పది నిమిషాలు తగ్గాయి కదా అని సంతోషించేలోపే పురుషుల వాటా కూడా తొమ్మిది నిమిషాలు తగ్గిందని గమనించాలి. పైగా ఇది ఆ పనులు చేసినవారి సగటు మాత్రమే. ఏ రోజైనా ఇంటి పనిలో చేయి పెట్టే పురుషులు నలుగురిలో ఒకరికి కాస్త ఎక్కువ, మహిళలు ఐదుగురిలో నలుగురు.

ఇదే కాలంలో ఉపాధిలో మహిళల సంఖ్య పెరిగింది. 15 ఏళ్లు దాటిన మహిళల్లో శ్రామిక భాగస్వామ్యం 2017-18లో 23.3 శాతం ఉంటే 2023-24లో 41.7 శాతానికి చేరింది. ఇందులో పెద్ద వాటా పల్లెల్లో స్వయం ఉపాధిదీ, కుటుంబ సేద్యంలో జీతం లేని సాయానిదీ. ఐడీ కార్డు మెడలో వేసుకునే ఉద్యోగినులు ఇందులో కొందరే.

ఉద్యోగం వచ్చాక తల్లికి ఇంటి పని గంటలు తగ్గే మాట నిజం. కానీ తండ్రి గంటల స్థాయికి తగ్గవు, ఆయన గంటలు ఆ మేరకు పెరగవు. తేడాను పూడ్చేది ఎక్కువగా ఆమె వేగమే. కుక్కర్ మూడో విజిల్ వచ్చేలోపు జడ వేయడం, రాత్రే కూరగాయలు తరిగి పెట్టుకోవడం, ఆదివారం వారానికి సరిపడా అల్లం వెల్లుల్లి నూరుకోవడం. గంటకు అయ్యే పని లెక్కన చూస్తే ఉత్పాదకత పెరిగినట్టే. ఆ పెరుగుదలకు మూల్యం నిద్ర, విశ్రాంతి. సర్వే కూడా దీన్ని పూర్తిగా పట్టుకోలేదు. రోజును అరగంట ముక్కలుగా విభజించి, పది నిమిషాలైనా సాగిన పనులనే అది నమోదు చేస్తుంది. ఆఫీసు నుంచి రెండు నిమిషాల ఫోన్‌లో బిడ్డ జ్వరం కనుక్కోవడం ఏ గడిలోనూ పడదు.

ఇక రెండో ఆధారం మరో మనిషి. ఊరి నుంచి వచ్చే అమ్మమ్మ లేదా నాయనమ్మ, లేకపోతే పనమ్మాయి. అమెరికాలోని తెలుగువారి ఇళ్లలో ఒక అవ్వ విజిటర్ వీసా గడువు ముగిసేసరికి రెండో అవ్వ దిగడం మామూలే. ఇలాంటి ఇంటి ఉత్పాదకత చాలావరకు అరువు తెచ్చుకున్నది. పనమ్మాయి తన బిడ్డను ఎక్కడ వదిలి వస్తోందన్నది ఎవరి లెక్కలోకీ రాదు.

చట్టం చేసిన సాయం తక్కువేమీ కాదు, కానీ ఒకవైపు ఒరిగింది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ, మొదటి ఇద్దరు పిల్లలకు వేతనంతో 26 వారాల సెలవు ఇచ్చింది. 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలంది. సెలవు కాలపు జీతభారం మాత్రం యజమాని మీదే పెట్టింది. దాంతో పెళ్లయిన యువతిని తీసుకోవడానికి చిన్న సంస్థలు జంకే పరిస్థితి ఏర్పడింది. తండ్రి విషయానికొస్తే కేంద్ర ప్రభుత్వోద్యోగికి 15 రోజుల సెలవుంది. ప్రైవేటు రంగంలో పితృత్వ సెలవును తప్పనిసరి చేసిన కేంద్ర చట్టం లేదు. బిడ్డ పుట్టిన తొలి నెలల్లో స్నానం, పాలు, టీకాలు ఒకరే నేర్చుకుంటే తర్వాతా ఆ పనిలో చేయి తిరిగినవారు ఒకరే అవుతారు. ‘నాకు రాదు’ అనే తండ్రి మాటకు మూలం చాలావరకు ఇక్కడే ఉంది.

ఇంటి పనికి రూపాయల్లో విలువ కట్టిన చోటు న్యాయస్థానం. రోడ్డు ప్రమాదంలో మరణించిన ఒక జంట కేసులో 2021 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందులో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన అభిప్రాయం పైన చెప్పిన 299, 97 నిమిషాల లెక్కను ఉటంకిస్తూ, గృహిణికి ఊహాత్మక ఆదాయం నిర్ణయించి పరిహారం ఇవ్వాలంది. ఉద్యోగం చేస్తున్న తల్లి మరణిస్తే మాత్రం పరిహారానికి సాధారణంగా ఆధారమయ్యేది ఆమె జీతమే.