పెద్ద కార్ల మైలేజీ: లీటరు లెక్క, రూపాయి లెక్క

మన దగ్గర కార్ల మైలేజీ గురించి ఎవరు రాసినా కథ 1983 డిసెంబరులోనే మొదలవుతుంది. 796 సీసీ మారుతి రోడ్డెక్కింది, అప్పటిదాకా పెట్రోలు లెక్క పట్టని జనం అప్పుడు మేలుకున్నారు అంటారు. ఇంకాస్త వెనక్కి వెళ్లేవాళ్లు 1973 చమురు సంక్షోభం దగ్గర ఆగుతారు. ముడి చమురు పీపా ధర మూడు డాలర్ల నుంచి పన్నెండుకి ఎగబాకింది కాబట్టి మనవాళ్లు పెద్ద కార్ల ఇంజన్లు దింపి డీజిల్ ఇంజన్లు ఎక్కించారన్నది వాళ్ల వాదన. రెండింట్లోనూ కొంత నిజముంది. కానీ హైదరాబాద్ నుంచి బొంబాయి వెళ్లే రోడ్డు మీద, పటాన్‌చెరు నుంచి జహీరాబాద్ దాకా ఉన్న మెకానిక్ షెడ్లలో పని ఎలా జరిగేదో తెలిసినవాళ్లకి ఈ రెండు కథలూ పలచగా అనిపిస్తాయి. పటాన్‌చెరు దగ్గరి ఇంద్రేశం పక్కన ఉండి ఇది రాస్తున్నాను కాబట్టి ఆ రోడ్డు మీద నాకు కాస్త పక్షపాతం ఉంటే ఉండొచ్చు. లెక్కలు మాత్రం పక్షపాతంతో వేసినవి కావు.

తొలి దశ అందరికీ తెలిసిందే. నిజాం కాలపు హైదరాబాద్‌లో దొరలకీ జాగీర్దార్లకీ పెద్ద అమెరికన్ కార్లుండేవి. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో బండ్లు బిగించింది. 1953 నాటి టారిఫ్ కమిషన్ నివేదిక తర్వాత, పూర్తిగా ఇక్కడే తయారుచేసే ఉద్దేశం లేని కంపెనీలకి దారులు మూసుకుపోయాయి. 1954లో జనరల్ మోటార్స్ వెళ్లిపోయింది, ఫోర్డ్ కూడా వెళ్లిపోయింది. షెవర్లేలు, డాడ్జీలు, ప్లిమత్‌లు మాత్రం ఇక్కడే మిగిలాయి.

అసలు మలుపు ఇక్కడుందని నా వాదన. కంపెనీ పోయాక ఇంజన్ బోర్‌కొస్తే ఏం చేయాలి? పిస్టన్లు రావు, రింగులు రావు, దిగుమతికి లైసెన్సు కావాలి. మరోపక్క మద్రాసులో సింప్సన్ కంపెనీ 1950ల్లోనే పెర్కిన్స్ డీజిల్ ఇంజన్లు తయారుచేయడం మొదలుపెట్టింది. లారీలకీ ఇంజన్ సెట్లకీ వాడేది కాబట్టి ఆ ఇంజన్‌కి సామాను ఎక్కడైనా దొరికేది, దాన్ని విప్పి బిగించే మేస్త్రీ ప్రతి ఊళ్లోనూ ఉండేవాడు. చచ్చిన ఇంజన్ స్థానంలో దొరికే ఇంజన్ పెట్టుకున్నారు. పెట్రోలు పొదుపు ఆ వెంట వచ్చిన లాభం. 1973 ఈ పనిని పుట్టించలేదు. అప్పటికే ఉన్న పనికి గిరాకీ పెంచింది, అంతే. ఆ తర్వాత ప్రభుత్వం వ్యవసాయం కోసం, రవాణా కోసం డీజిల్ ధర తగ్గించి ఉంచి, భారమంతా పెట్రోలు మీద వేసింది. ఆ తేడా దాదాపు నలభై ఏళ్లు నడిచింది.

ఇంజన్ మార్చాక మైలేజీ పెరిగిన మాట నిజమే. ఎందుకు పెరిగిందన్న దగ్గరే నాకు పేచీ. లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోలు కంటే పది పన్నెండు శాతం శక్తి ఎక్కువ. అంటే ఇంజన్ ఏమీ చేయకపోయినా ఆ మేరకు మైలేజీ పెరిగినట్టే కనిపిస్తుంది. రెండోది ఎవరూ రాయనిది, వేగం. పెర్కిన్స్ పీ-4 మూడు లీటర్ల పైచిలుకు ఇంజన్. నిమిషానికి రెండువేల చుట్ల ప్రాంతంలోనే దాని సత్తా అయిపోతుంది. కారు వెనక హౌసింగ్‌లోని క్రౌన్ పినియన్ మాత్రం పాత పెట్రోలు ఇంజన్ కోసం కొలిచి పెట్టింది. ఆ నిష్పత్తి నాలుగుకి ఒకటి, చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు అనుకుంటే, రెండువేల చుట్ల దగ్గర బండి వేగం గంటకి 63 కిలోమీటర్లు. అంతకు పెద్దగా మించి పోదు. గాలి అడ్డు వేగం వర్గంతో పాటు పెరుగుతుంది కాబట్టి, 90లో పోయే బండిని 63కి దింపితే ఆ అడ్డు సగానికి పడిపోతుంది. లీటరుకి ఆరు ఇచ్చే బండి పది ఇస్తే, అందులో కొంత డీజిల్ సొంత శక్తి, మంచి భాగం నెమ్మదితనం. మిగిలినదే డీజిల్ ఇంజన్ గొప్పతనం. అది కూడా చిన్నదేం కాదు. పెట్రోలు ఇంజన్ కంటే బాగా ఎక్కువైన కంప్రెషన్ నిష్పత్తి వల్ల అదే ఇంధనం నుంచి నిజంగానే ఎక్కువ పని వస్తుంది. కాకపోతే మొత్తం ఘనత దానికే కట్టబెట్టడం తప్పు.

1980 ప్రాంతంలో డీజిల్ అంబాసిడర్ వచ్చాక పోలిక తేలికైంది. బాడీ అదే, 1489 సీసీ అదే, రెండు ఇంజన్లూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వంశానివే. డీజిల్ బండి కుంటుతూ నడిచేది, ఘాట్ రోడ్డు ఎక్కాలంటే ఆయాసపడేది. అయినా టాక్సీవాళ్లు దాన్నే పట్టుకున్నారు. దూరం విషయంలోనూ అదే లెక్క. సోలాపూర్ మన దగ్గర్నుంచి మూడువందల కిలోమీటర్ల దారి. లీటరుకి ఐదు ఇచ్చే అమెరికన్ పెట్రోలు బండికి అరవై లీటర్లు కావాలి. దారిలో బంకులు అరుదైన ఆ రోజుల్లో డీజిల్ బండి ఒక్క ట్యాంకుతో చేరగలగడం పొదుపు కంటే పెద్ద సుఖం.

కాంటెస్సా ఈ కథలో విచిత్రమైన అధ్యాయం. మన దేశపు మజిల్ కారు అని కుర్రాళ్లు ఇప్పుడు ముచ్చటగా చెప్పుకునే ఈ బండి 1984లో వచ్చినప్పుడు, వాక్స్‌హాల్ బాడీలో అంబాసిడర్‌లోని అదే 1489 సీసీ పెట్రోలు ఇంజన్, యాభై గుర్రాల శక్తి. చిన్న ఇంజన్ కాబట్టి పెట్రోలు తక్కువ తాగుతుందనుకున్నవాళ్లకి నిరాశే మిగిలింది. పెద్ద బాడీని లాగడానికి యాక్సిలరేటర్ ఎప్పుడూ అడుగంటా తొక్కి ఉంచాలి. తర్వాత 1817 సీసీ ఇసుజు ఇంజన్, ఐదు గేర్ల డబ్బా వచ్చాయి. శక్తి ఎనభై దాటినా పెట్రోలు ఖర్చు ఆ లెక్కన పెరగలేదు. ఐదో గేరులో అదే వేగానికి ఇంజన్ తక్కువ చుట్లు తిరుగుతుంది, అదీ కారణం. సీసీ పెరిగితే మైలేజీ తగ్గుతుందన్న సూత్రాన్ని కాంటెస్సా ఒక్కటే చాలినంత దెబ్బతీసింది. మన వాహన చరిత్రలు మాత్రం ఇసుజు పేరు రాసి గేరు డబ్బాని వదిలేస్తాయి.

ఇంకా ఎక్కువగా వదిలేసింది షెడ్డు పనిని. జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ ఫ్యాక్టరీ వచ్చాక, పటాన్‌చెరులో కంపెనీలు పెరిగాక, ఈ రోడ్డు మీద మంచి మెకానిక్‌లు తయారయ్యారు. ఇంజన్ మార్చకుండా వాళ్లు రాబట్టిన మైలేజీ ఎక్కడా పద్దుకెక్కలేదు. వాళ్ల పని ఇలా ఉండేది. బండిని జాకీ మీద లేపి ఒక్కో చక్రాన్నీ చేత్తో తిప్పుతారు. బ్రేక్ షూ డ్రమ్ముని రాసుకుంటుంటే చక్రం రెండు చుట్లు కూడా తిరగకుండా ఆగిపోతుంది. అంటే బ్రేకు పట్టుకునే రోడ్డు మీద తిరుగుతున్నట్టు. తర్వాత ప్లగ్గులు విప్పి చూస్తారు. మసి నల్లగా పడితే మిక్చర్‌లో పెట్రోలు ఎక్కువ, సున్నంలా తెల్లబడితే తక్కువ, బిస్కట్ రంగుంటే సరిగా ఉంది. దాన్ని బట్టి కార్బరేటర్ జెట్టు మారుస్తారు. డెల్కో (డిస్ట్రిబ్యూటర్) పాయింట్ల సందు ఫీలర్ గేజ్‌తో చూస్తారు, దాని వ్యాక్యూమ్ గొట్టం చిట్లిందేమో నోటితో పీల్చి చూస్తారు. ఆ గొట్టం పోతే సాఫీగా పోయే వేగంలో టైమింగ్ వెనకబడి పెట్రోలు వృథా అవుతుంది. పాత క్రాస్‌ప్లై టైర్లు తీసి రేడియల్స్ వేస్తే మరో మూడు నాలుగు శాతం.  ఒక్కొక్కటీ చిన్నదే. కానీ ఇంజన్ మార్పిడిలా ఇది ధరల తేడా మీద బతికే పొదుపు కాదు, నిజంగా ఇంధనం మిగిలిన పొదుపు.

రూపాయి పొదుపు ఎంత చంచలమో తర్వాత తేలింది. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద, 2014 అక్టోబరులో డీజిల్ మీద నియంత్రణ పోయింది. రెండింటి ధరలూ దగ్గరవుతూ వచ్చాయి, డీజిల్ మార్పిడికి అర్థం లేకుండా పోయింది. అంబాసిడర్ తయారీ కూడా ఆ 2014లోనే, మే నెలలో ఆగింది. ఎల్పీజీ కిట్లదీ ఇదే కథ. లీటరుకి శక్తి తక్కువ కాబట్టి దూరం తగ్గుతుంది, డిక్కీ సిలిండర్ పాలవుతుంది. ధర తేడా ఉన్నన్నాళ్లే సంబరం.

ఇవాళ్టి పరిస్థితి నాకు తృప్తిగా లేదు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకి భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మితిమీరిన మార్పులకి ఆ కట్టడి అవసరమే. ఆమోదం పొందిన కిట్‌తో కరెంటుకి మారడానికి చట్టం దారి వదిలింది. మంచిదే, కానీ బరువైన పాత బండికి కిలోమీటరుకి 180 వాట్-అవర్లు అనుకుంటే, 20 కిలోవాట్-అవర్ల బ్యాటరీ 110 కిలోమీటర్లకే ఖాళీ. ఇక్కడి నుంచి జహీరాబాద్ వెళ్లి రావడానికి దాదాపు 150 కావాలి. ఆ తేడాని దాచిపెట్టి అమ్మేవాళ్లని నమ్మడం నావల్ల కాదు.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో పెట్రోలు కంటే మూడోవంతు శక్తి తక్కువ. ఇథనాల్ లేని పెట్రోలుకి రూపొంది, పది శాతం కలిసినదానికి సర్దిన కార్లకి ఆరేడు శాతం మైలేజీ పోతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికే ఒప్పుకుంది. కార్బరేటర్ బండికి నష్టం అక్కడితో ఆగదు. ఇథనాల్‌లోని ఆక్సిజన్ వల్ల మిక్చర్ పలచబడుతుంది, ప్లగ్గు తెల్లబడుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. నీటిని పీల్చుకుంటుంది కాబట్టి ఇనుప ట్యాంకు తుప్పు పడుతుంది, పంపులోని రబ్బరు డయాఫ్రం ఉబ్బుతుంది. విరుగుడు ఉంది. ఒక సైజు పెద్ద జెట్టు వేయాలి, రబ్బరు భాగాలు మార్చాలి, టైమింగ్ మళ్లీ సరిచూడాలి. ఇది ఒక పూట పని. చేయగల చేతులు ఈ రోడ్డు మీద తగ్గిపోతున్నాయి, ఐటీఐల్లో కుర్రాళ్లకి కార్బరేటర్ విప్పి చూపించే ఓపిక ఎవరికీ లేదు. పాత బండ్ల కోసం ఇథనాల్ తక్కువ ఉన్న పెట్రోలు జిల్లాకి రెండు బంకుల్లోనైనా మామూలు ధరకి అమ్మించాలని, ఆ జెట్టు మార్పిడి నేర్పే నెల రోజుల శిక్షణ పటాన్‌చెరులోనే పెట్టించాలని నేను గట్టిగా అడుగుతున్నాను.