యుద్ధ నిర్వాసిత స్త్రీలు – వృత్తి శిక్షణ

యుద్ధము పురుషుని ప్రాణమును హరించును. స్త్రీకి ఇల్లును, పోషకుని, ఊరిని ఒక్కమారుగా దూరము చేయును. అట్లు నిరాధారయైన స్త్రీకి మొదట కావలసినది కూడు, గుడ్డ, నీడ. పిమ్మట కావలసినది తన చేతులతో తాను బ్రతుకగల శక్తి. ఈ రెండవ అవసరమును తీర్చుట ప్రభుత్వము బాధ్యతయే యను భావము మన దేశమున 1947 తరువాతనే స్థిరపడినది.

నిర్వాసదుఃఖము తెలుగువారికి తెలియనిది కాదు. యానాము చెంతనున్న కోరంగి రేవునుండి బర్మాకు పోయిన తెలుగు కూలీల మూలమున, అచ్చటి తెలుగువారికి ‘కోరంగీలు’ అను పేరే ఏర్పడినది. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు లక్షలాది భారతీయులు స్వదేశమునకు మరలిరి. వారిలో పెక్కుమంది కొండలు, అడవులు కాలినడకను దాటిరి. వేలకొలది మంది త్రోవలోనే అసువులు బాసిరి. ఆ సంవత్సరమే ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు పడెను. కావున పంజాబు, కాశ్మీరముల కథ మనకు పరాయి కథ కాదు.

1947 ఆగష్టు దేశవిభజనమున ఇరువైపులనుండియు కోటికి పైగా జనులు ఇండ్లు విడిచిరి. ఆ గాయము మానకముందే అక్టోబరు 22న సరిహద్దు తెగల సాయుధులు కాశ్మీరములోని ముజఫరాబాదుపై పడిరి. నాడు మొదలైన యుద్ధము 1949 జనవరి 1న గాని ఆగలేదు. ముజఫరాబాదు జిల్లాధికారి ఆ దాడిలో మరణించెను. ఆయన భార్య కృష్ణా మెహతా పిల్లలతో నిరాశ్రయయై, ఎన్నో కష్టములు పడి బయటపడిరి. తన అనుభవములను గ్రంథముగా వ్రాసిరి. 1957లో లోకసభ సభ్యురాలైరి. అట్టి ఉన్నతి అందరికి లభించునది కాదు. తక్కినవారి గతి యేమి? చరిత్రకారుడు విచారింపవలసినది ఇదియే.

1947 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము పునరావాసమునకై ప్రత్యేక మంత్రిత్వశాఖను నెలకొల్పెను. అందలి స్త్రీల విభాగమునకు రామేశ్వరీ నెహ్రూ నాయకత్వము వహించిరి. నాటి శిబిరములలో పెద్దదైన కురుక్షేత్రమున ఒకప్పుడు దాదాపు 3 లక్షలమంది తలదాచుకొనిరి. పోషించు మగదిక్కు లేని స్త్రీలను, వారి పిల్లలను అధికారులు వేరొక వర్గముగా లెక్కించి, వారికై ఆశ్రమములను ఏర్పరచిరి. జలంధరులోని గాంధీ వనితా ఆశ్రమము, ఢిల్లీ లాజ్‌పత్ నగరులోని కస్తూర్బా నికేతనము అట్టివి. వీనిలో నివాసముతోపాటు పనియు నేర్పుచుండిరి. కుట్టుపని, అల్లిక, బుటేదారి పని, నేత ముఖ్యమైనవి. కొంత చదువుకొన్నవారిని ఉపాధ్యాయినులుగను, దాదులుగను తయారుచేసిరి.

పంజాబు స్త్రీలు తమతో తెచ్చుకొన్న విద్య ఒకటి కలదు. అది ‘ఫుల్కారీ’. ముతక ఖద్దరుపై మెత్తని పట్టుదారముతో, బట్టకు వెనుకవైపునుండి పోగులు లెక్కించుచు పువ్వులు కుట్టుదురు. తల్లియు, అవ్వయు కూతురి పెండ్లికని ఏండ్ల తరబడి కుట్టిన వస్త్రమది. అంగడి సరుకు కాదు. నిర్వాసమున ఆ ప్రేమచిహ్నమే కూటికి ఆధారమైనది. సహృదయులైన కొందరు మహిళలు ఢిల్లీలో ‘రెఫ్యూజీ హాండీక్రాఫ్ట్స్’ అను దుకాణము తెరచి, శరణార్థి స్త్రీల చేతిపనులను అమ్మించిరి.

మంగుళూరున జన్మించిన కమలాదేవి చట్టోపాధ్యాయ ఈ రంగమున చేసిన సేవ మరువరానిది. ఆమె 1948లో భారత సహకార సంఘమును స్థాపించి, శరణార్థులను సహకార పద్ధతిలో నిలుపుటకు పూనుకొనిరి. వాయవ్య సరిహద్దునుండి వచ్చినవారికై వెలసిన ఫరీదాబాదు పట్టణమునను ఆ సంఘము పనిచేసెను. 1952లో ఢిల్లీ కుటీర పరిశ్రమల విక్రయశాలయు దాని నిర్వహణలోనికి వచ్చెను. పని నేర్పినంత మాత్రమున చాలదనియు, చేసిన వస్తువునకు కొనువాడు కావలెననియు ఆమె గుర్తించిరి.

ఇచ్చటనే ఈ ప్రయత్నమునందలి లోపమును చెప్పవలెను. స్త్రీ యనగానే సూదిదారమే తోచుట వాడుకయైనది. శిబిరమందలి వారందరును కుట్టుపనియే నేర్చినచో కుట్టించుకొనువారెవరు? ఆశ్రమమున యంత్రము సంస్థది; బయటకు పోయిన పిమ్మట ఆమెకు యంత్రమును లేదు, పెట్టుబడియు లేదు. ఆమె పనికి పోయినప్పుడు పసిబిడ్డను చూచువారెవరు? ఈ ప్రశ్నలకు జవాబు దొరకినచోట శిక్షణ జీవనోపాధియైనది. దొరకనిచోట ఆశ్రమమే శాశ్వతనివాసమైనది.

వంగదేశమున కథ కొంత భిన్నము. 1943 నాటి క్షామము వెనువెంటనే, 1944లో కలకత్తాలో పుట్టిన నారీసేవా సంఘము తరువాత తూర్పు వంగమునుండి వచ్చిన స్త్రీలకును పని నేర్పెను. చదువుకొన్న పెక్కుమంది యువతులు ఆఫీసులలోను, పాఠశాలలలోను ఉద్యోగములకు పోయి కుటుంబములను పోషించిరి. అట్లు సంపాదించు కూతురే కుటుంబభారమున క్రుంగిపోవుటను ఋత్విక్ ఘటక్ 1960లో ‘మేఘే ఢాకా తారా’ చలనచిత్రమున చూపెను. సంపాదన వచ్చినను, ఆ సంపాదనపై స్త్రీకి అధికారము రావలసియే యుండెను.

యుద్ధమువలన కాక, వైధవ్యమువలనను దారిద్ర్యమువలనను నిరాధారలైన స్త్రీల సమస్యను తెలుగు మహిళ యొకరు మద్రాసున ముందే చేపట్టియుండిరి. రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి 1937లో బాలికల సంఘముగా ఆరంభించినది ఆంధ్ర మహిళాసభగా ఎదిగెను. వయసు మీరిన స్త్రీకి వృత్తితోపాటు చదువును నేర్పుట ఆ సభ పద్ధతి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలైరి. బడి మానిన వయోజన స్త్రీలు స్వల్పకాలమున పరీక్షలకు సిద్ధమై, ఉపాధ్యాయినులు, నర్సులు, గ్రామసేవికలు కాగలుగునట్లు 1958లో ఆ మండలి సంక్షిప్త విద్యాక్రమమును ప్రవేశపెట్టెను. సూదికి తోడు పుస్తకము చేరెను.

ఈ చరిత్ర బోధించునది స్పష్టము. నిర్వాసిత స్త్రీకి పని నేర్పుట దానము కాదు. పోయిన బ్రతుకును తిరిగి నిలుపుకొను హక్కును ఆమెకు అప్పగించుట. పనిముట్టు, పెట్టుబడి, అంగడి, బిడ్డకు సంరక్షణ, సంపాదనపై స్వాధీనత – ఈ అయిదును కూడినప్పుడే ఆ అప్పగింత పూర్తియగును. పరదేశములలోను, పరరాష్ట్రములలోను తరతరములుగా నిలద్రొక్కుకొన్న తెలుగు కుటుంబములకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. క్రొత్త ఊరిలో మొదటి పొయ్యి వెలిగించినది స్త్రీయే కదా!