నెత్తుటి చుక్క నుంచి లాప్‌టాప్ దాకా: హైదరాబాద్‌లో మానవ జన్యుశాస్త్ర చదువు

మానవ జన్యుశాస్త్రంలో చేరిన విద్యార్థికి ముందుగా నేర్పే పనుల్లో వంశపటం గీయడం ఒకటి. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు వృత్తం. జబ్బున్న మనిషి గుర్తును నల్లగా నింపుతారు. చనిపోయినవాళ్ల గుర్తు మీద ఏటవాలుగా ఒక గీత గీస్తారు. భార్యాభర్తల్ని కలిపే అడ్డగీత మామూలుగా ఒకటే ఉంటుంది; వాళ్లు ముందునుంచే రక్తసంబంధీకులైతే రెండు గీతలు. పాశ్చాత్య కుటుంబాల పటాల్లో ఆ జంట గీత అరుదుగా కనిపించే గుర్తు. హైదరాబాద్ పాతబస్తీలో, దాని చుట్టుపక్కల అరుదేమీ కాదు. యాకుత్‌పురాలో చాచా (చిన్నాన్న) కూతుర్ని చేసుకున్న కుటుంబం ఉంటుంది, గౌలిగూడలో మేనమామనే పెళ్లాడిన అక్క కూతురు ఉంటుంది. మూడు తరాల పటం గీసేసరికి గీతలు తిరిగి తిరిగి మొదటికే వచ్చి కలుస్తాయి.

మానవ జన్యుశాస్త్రం, జీనోమిక్స్‌లో ఆన్‌లైన్ మాస్టర్స్ చేద్దామనుకునే పిల్లలు ఇప్పుడు ఈ సందుల్లోనూ ఉన్నారు. ఆ చదువు ఇక్కడికి చేరడానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది. ఆ దారిని వెనక్కి తిరిగి చూస్తే, చదువు ఇంటికి రాకముందే దాని ముడిసరుకు ఈ ఇళ్లలో ఉందని తెలుస్తుంది.

మొదటి అడుగు పడింది ఈ జంట గీతల దగ్గరే. బ్రిటిష్ శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ఆయన దగ్గర శిష్యరికం చేసిన ద్రోణంరాజు కృష్ణారావుది పిఠాపురం. పెద్ద ప్రయోగశాల లేకుండానే, కుటుంబాలను పలకరించి వంశపటాలు గీసి శాస్త్రం చేయవచ్చని హాల్డేన్ నమ్మకం. ద్రోణంరాజు ఆంధ్ర కుటుంబాల్లో మగవాళ్ల చెవి అంచున పెరిగే వెంట్రుకలు తండ్రి నుంచి కొడుకుకు ఎలా వస్తున్నాయో పటాలు గీసి, ఆ లక్షణం వై క్రోమోజోమ్ మీద ఉందని 1960లో ప్రతిపాదించారు. 2004లో అణుస్థాయి పరిశోధన ఆ ప్రతిపాదనను బలపరచలేదు. అయినా ఆ పటాల విలువ తగ్గలేదు. ప్రశ్న సరిగ్గా వేసి, లెక్క విప్పి చూపించారు కాబట్టే తర్వాతివాళ్లు దాన్ని పరీక్షించగలిగారు.

ఆ ఏళ్లలోనే పి. మీరాఖాన్‌తో కలిసి ద్రోణంరాజు ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధ వివాహాల సంఖ్య, వాటి ఫలితాల మీద పరిశోధన పత్రాలు వెలువరించారు. మీరాఖాన్ తర్వాత నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పేరున్న జన్యుశాస్త్రవేత్త అయ్యారు. ద్రోణంరాజు హ్యూస్టన్‌లో స్థిరపడ్డారు. ఇక హాల్డేన్ 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో కన్నుమూస్తే, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. ప్రపంచ జన్యుశాస్త్రంలో అంతటి పెద్దమనిషి చివరికి తెలుగు వైద్య విద్యార్థులకు పాఠమయ్యారు. ఈ సంగతి మన బడి పుస్తకాల్లో ఉండాల్సినంతగా లేదని నా బాధ.

మేనరికాల లెక్క అప్పుడూ ఇప్పుడూ ఒకటే. అన్నదమ్ముల పిల్లలో మేనత్త మేనమామల పిల్లలో పెళ్లాడితే, వాళ్ల బిడ్డలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 16లో 1. మేనమామ, మేనకోడలు అయితే 8లో 1. దాని అర్థం పుట్టిన ప్రతి బిడ్డకూ జబ్బు వస్తుందని కాదు. ఏ దంపతులకైనా పుట్టుకతో లోపమున్న బిడ్డ కలిగే ప్రమాదం నూటికి రెండు మూడు ఉంటే, ఫస్ట్ కజిన్స్‌కు అది సుమారు రెట్టింపవుతుంది. అంటే నూటికి తొంభై మందికి పైగా పిల్లలు బాగానే పుడతారు. ఈ రెండో వాక్యం చెప్పకుండా మొదటిది మాత్రమే చెప్పే డాక్టర్లు, పత్రికలవాళ్లు కుటుంబాలను భయపెట్టి దూరం చేసుకున్నారు.

1980ల నాటికి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రం స్థిరపడింది. ప్రొఫెసర్ ఓ.ఎస్. రెడ్డి పూనికతో బేగంపేటలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జెనెటిక్స్, దానికి అనుబంధంగా జన్యువ్యాధుల ఆసుపత్రి వచ్చాయి. విశ్వవిద్యాలయం జన్యువ్యాధులకే ఒక ఆసుపత్రి నడపడం దేశంలో అరుదు. ఆ రోజుల్లో విద్యార్థి చేతిపని క్రోమోజోమ్ ఫోటోలను కత్తెరతో కత్తిరించి, పొడవును బట్టి జతలు జతలుగా కాగితం మీద అంటించడం. ఒక్కో రోగికి 46 ముక్కలు. అలా అంటించిన చేతులే ఊరిలో మొదటి తరం అధ్యాపకుల్ని తయారు చేశాయి.

1977లో పుష్ప భార్గవ సారథ్యంలో మొదలైన సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులార్ బయాలజీ) ఈ కథను అణువుల స్థాయికి తీసుకుపోయింది. లాల్జీ సింగ్ అక్కడే 1988లో స్వదేశీ డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని రూపొందించారు. దానికి కొనసాగింపుగా 1996లో సీడీఎఫ్‌డీ (సెంటర్ ఫర్ డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నస్టిక్స్) ఏర్పడింది. ఇప్పుడు ఉప్పల్‌లో ఉన్న ఆ సంస్థ ప్రయోగశాలలు కొన్నేళ్లు నాంపల్లి గృహకల్పలో, మొజంజాహి మార్కెట్ ఎదుట నడిచాయి. పాతబస్తీ నుంచి మూసీ దాటితే నడిచిపోయేంత దూరం. ఆ కాలంలోనే హైదరాబాద్‌లోని నాలుగు పెద్ద ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది శిశువులకు మడమ దగ్గర నెత్తుటి చుక్క తీసి జీవక్రియ లోపాలకు పరీక్షించారు. 2004లో అచ్చయిన ఫలితాల ప్రకారం ప్రతి 1,700 మందిలో ఒకరికి పుట్టుకతోనే థైరాయిడ్ లోపం ఉంది. రోజూ ఒక చిన్న మాత్ర వేస్తే బిడ్డ మామూలుగా ఎదుగుతుంది. వేయకపోతే బుద్ధి మాంద్యం వస్తుంది. ఇరవై ఏళ్లు గడిచినా ఆ పరీక్ష ప్రతి ప్రసూతి ఆసుపత్రిలో తప్పనిసరి కాలేదు. ఈ చరిత్ర మొత్తంలో నాకు క్షమించరానిదిగా తోచేది ఇదే.

మేనరికం అనగానే వేలు పాతబస్తీ ముస్లింల వైపు చూపించే అలవాటు ఒకటి ఉంది. జన్యుశాస్త్రమే ఆ వేలిని దించింది. 2009లో నేచర్ పత్రికలో హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్, సీసీఎంబీ తరఫున తంగరాజ్, లాల్జీ సింగ్ కలిసి 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యు సమాచారాన్ని విశ్లేషించారు. నేటి భారతీయులు రెండు ప్రాచీన జనధారల కలయిక అని చెప్పిన పత్రం అదే. అందులో తెలుగువాళ్లు ఆగి చదవాల్సిన భాగం వైశ్యుల గురించినది. చాలా తరాల కిందట కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, ఆ తర్వాత కులం బయట దాదాపు పెళ్లే చేసుకోని సమూహం కావడంతో, చుట్టరికం లేదనుకునే ఇద్దరు వైశ్యుల్లోనూ పొడవాటి డీఎన్ఏ ముక్కలు ఒకేలా ఉంటాయి. 2017లో వచ్చిన మరో పత్రం దక్షిణాసియాలో ఇలాంటి బలమైన ముద్ర ఉన్న సమూహాలు 81 ఉన్నాయనీ, వాటిలో 14 పది లక్షలు దాటిన జనాభా గలవనీ చెప్పింది. అంటే చాచా కూతుర్ని చేసుకోకపోయినా, కులంలోనే చేసుకుంటూ వచ్చిన ఇలాంటి సమూహాల ఇళ్లలోనూ జంట గీత లాంటిదే ఒకటి పైకి కనబడకుండా ఉంటుంది.

దాని ఫలితం ఆపరేషన్ బల్ల మీద బయటపడుతుంది. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి వాడే సక్సినైల్‌కోలిన్ ప్రభావం కొద్ది నిమిషాల్లో తగ్గిపోవాలి. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌లో లోపమున్నవాళ్లకు గంటల తరబడి ఊపిరి తీసుకునే కండరాలు పనిచేయవు. ఆ లోపానికి కారణమైన ఒక మార్పును వైశ్యుల్లో 2006లో గుర్తించారు. మత్తు భద్రత మీద ప్రపంచం చూపు హైదరాబాద్ వైపు అంతకు చాలా ముందే తిరిగింది, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి వల్ల. 1888, 1889ల్లో ఎడ్వర్డ్ లారీ క్లోరోఫామ్ కమిషన్లు నడిపింది ఇక్కడే. మత్తు ఎంత ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి అన్న ఆనాటి ప్రశ్న, ఎవరికి ఏది ఇవ్వకూడదు అన్న ప్రశ్నగా మారడానికి నూరేళ్లకు పైగా పట్టింది.

పాతబస్తీ లోపల ఈ శాస్త్రానికి సొంత చిరునామా తలసీమియా అనే వారసత్వ రక్తవ్యాధితో వచ్చింది. 1998లో ఏర్పడిన తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ చాలాకాలం పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు ఎదురుగా పనిచేసి, తర్వాత శివరాంపల్లికి మారింది. తలసీమియా మేజర్ ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంతో పేరుకునే ఇనుమును మందులతో బయటికి పంపాలి. తల్లిదండ్రులిద్దరూ క్యారియర్లయితే, అంటే తమకు జబ్బు లేకున్నా లోపమున్న జన్యువు ఒక ప్రతి మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ జబ్బు బిడ్డ పుట్టే అవకాశం నాలుగో వంతు. హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్షతో క్యారియర్లను పట్టుకోవచ్చు. ఇదంతా తల్లికి చెప్పాలి, అదీ అత్తగారు పక్కన కూర్చుని ఉండగా, దఖ్నీలోనో తెలుగులోనో, నేరం కోడలి మీద పడకుండా చెప్పాలి. అమెరికాలో సారా లారెన్స్ కాలేజీ 1969లోనే ఇలా చెప్పడానికి మాస్టర్స్ కోర్సు పెట్టింది. మన దగ్గర చాలాకాలం ఈ పని నర్సుల మీదా, రక్తం ఎక్కించే గదిలో ఒకరికొకరు తోడుండే తల్లుల మీదా పడింది.

ఇక దూరవిద్య సంగతి. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఇక్కడే పుట్టింది. అదే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ. అచ్చు పాఠాలు, రేడియో పాఠాలు, ఆదివారం తరగతులతో దుకాణాల్లో పనిచేసేవాళ్లూ, పెళ్లయి ఇంట్లో ఉన్న ఆడవాళ్లూ డిగ్రీలు పొందారు. కానీ ప్రయోగశాల అవసరమైన చదువుకు ఆ దారి ఇరుకే. 2018లో యూజీసీ ఆన్‌లైన్ కోర్సులకు నిబంధనలు పెట్టినప్పుడు ప్రాక్టికల్స్ ఉండే కోర్సుల్ని పక్కన పెట్టింది. అందుకే చాలామంది చూపు విదేశీ విశ్వవిద్యాలయాల వైపు పోతోంది. ఆ డిగ్రీకి ఇక్కడ సమానార్హత దక్కుతుందో లేదో ఫీజు కట్టకముందే కనుక్కోవాలి. పాతబస్తీ తండ్రులు ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి.

అయితే జన్యుశాస్త్రంలోనే ప్రయోగశాల సగం కంప్యూటర్‌లోకి మారింది. 1990లో మొదలై 2003లో ముగిసిన హ్యూమన్ జీనోమ్ ప్రాజెక్టు తన సమాచారాన్ని ఎప్పటికప్పుడు అందరికీ ఉచితంగా పెట్టాలని 1996లోనే నిర్ణయించుకుంది. ఆ సంప్రదాయంలోనే వచ్చిన 1000 జీనోమ్స్ ప్రాజెక్టు 26 జనసమూహాల నుంచి 2,504 మంది జీనోమ్‌లను బయటపెట్టింది. అందులో ఐటీయూ అనే గుర్తుతో ఉన్నవాళ్లు బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లు, 102 మంది. పేర్లు లేవు, జబ్బుల వివరాలు లేవు. ఇంటర్నెట్ ఉన్న ఎవరైనా డబ్బు కట్టకుండా దించుకోవచ్చు. ఆ ఫైలు తెరిస్తే ఒక్కో వరసలో ముందు క్రోమోజోమ్ సంఖ్య, తర్వాత స్థానం, అక్కడ ఉండాల్సిన అక్షరం, మారిన అక్షరం. ఆ తర్వాత ఒక్కో మనిషికి రెండు అంకెలు. 0|0 అంటే మార్పు లేదు. 0|1 అంటే ఒక ప్రతిలో ఉంది. 1|1 అంటే రెండింటిలోనూ. పదకొండో క్రోమోజోమ్ మీద బీటా గ్లోబిన్ జన్యువు దగ్గర భారతదేశంలో ఎక్కువగా కనిపించే తలసీమియా మార్పు ఒకే ఒక్క అక్షరం, జీ బదులు సీ. అక్కడ 0|1 ఉన్న మనిషి క్యారియర్. 1|1 ఉన్న బిడ్డకు రక్తం ఎక్కించాల్సి వస్తుంది.

2020 మార్చి లాక్‌డౌన్ తర్వాత క్లాసులు ఫోన్లలోకి వచ్చాయి. అప్పుడే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీలు కరోనా వైరస్ జీనోమ్‌లు చదవడంతో, జీనోమ్ సీక్వెన్సింగ్ అన్న మాట టీవీ వార్తల్లో ఇంటింటికీ చేరింది. 2020లోనే మొదలైన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 83 జనసమూహాల నుంచి సుమారు 10,000 మంది జీనోమ్‌లు చదివి, 2025 జనవరిలో సమాచారాన్ని పరిశోధకులకు తెరిచింది. మన జన్యు చిత్రం ఇప్పుడు బ్రిటన్ నమూనాల మీదే ఆధారపడి లేదు.

ఇంత సమాచారం ఉన్నా ఆన్‌లైన్ డిగ్రీ చేసినవాళ్లకు మొదటి ఉద్యోగంలో ఎదురయ్యే చిక్కు ఒకటుంది. బిడ్డ నమూనాలో ఒక మార్పు దొరుకుతుంది. 2015లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ మెడికల్ జెనెటిక్స్ అండ్ జీనోమిక్స్ అనే వృత్తి సంస్థ ఇచ్చిన నిబంధనల ప్రకారం మార్పుల్ని ఐదు తరగతులుగా విడదీస్తారు. మధ్యలోది ప్రాముఖ్యం తెలియని మార్పు. ప్రపంచ డేటాబేసుల్లో తక్కువగా ఉన్న సమూహాలకు ఈ తరగతి రిపోర్టులే ఎక్కువ వస్తాయి. దాన్ని తేల్చే దారి 1987 నుంచి తెలిసిందే. రక్తసంబంధ కుటుంబాల్లో జబ్బున్నవాళ్లందరికీ రెండు ప్రతులూ ఒకేలా ఉన్న డీఎన్ఏ భాగం ఎక్కడుందో వెతికి, లోపమున్న జన్యువును పట్టుకునే పద్ధతిని లాండర్, బాట్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు ఆ ఏడాదే వివరించారు. జంట గీత ఉన్న కుటుంబమే శాస్త్రానికి ఎక్కువ చెప్పగలదు.

కానీ దానికి తల్లిదండ్రులతో పాటు జబ్బు ఉన్న, లేని అన్నదమ్ముల, చాచా పిల్లల నెత్తురు కావాలి. అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి కలిసి ఒక కేంద్రంగా గుర్తింపు పొందాయి. అలాంటి చోట ఆరు నెలలు పని చేయించని ఆన్‌లైన్ మాస్టర్స్ ఈ ఊరికి చాలదు. శిక్షణలో ఉన్న విద్యార్థి ఒకసారి తలాబ్‌కట్టకు వెళ్లి, పరీక్ష ఎందుకో ఆ ఇంటి పెద్దాయనకు విడమరిచి చెప్పాలి. ఫలితం ఎవరికి చెబుతారు, ఎవరికి చెప్పరు అన్నది కూడా ముందే మాట్లాడుకోవాలి. ఇంట్లో ఆడపిల్ల పెళ్లి సంబంధాలు చూస్తుంటే ఆ మాట ఇంకా జాగ్రత్తగా ఆడాలి. ఆయన ఒప్పుకుని చేయి చాచితే నాలుగు నమూనాలు ల్యాబ్‌కు వెళ్తాయి, బిడ్డ రిపోర్టులో ప్రాముఖ్యం తెలియదన్న వరస మారే వీలు కలుగుతుంది.