నురుగు వెనుక చేతులు: జగిత్యాల ప్రాంతంలో సున్నిపిండి, సౌడు, ఇంటి సబ్బు

వ్యాససంగ్రహం

ఇంట్లో తయారుచేసుకొనే మూలికల సబ్బును పూర్వాచార పునరుద్ధరణగా చెప్పుకోవడం ఇటీవల పరిపాటి అయింది. పెగడపల్లి పరిసరాలను దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసం ఆ భావనను పరిశీలిస్తుంది. ఒంటికి పిండి నలుచుకోవడం ఇంటి విద్య. క్షారంతో మురికిని విడదీయడం రజకుల విద్య. రెండవదాని చరిత్ర ఎందుకు మరుగున పడిందన్నది ఇక్కడి ప్రశ్న.

కీలకపదాలు: సున్నిపిండి, కుంకుడు, సౌడు, రజకులు, వెట్టి, జగిత్యాల

ప్రవేశిక

పెగడపల్లి మండలం 2016 అక్టోబరు వరకు కరీంనగర్ జిల్లాలో ఉండేది. నేడు జగిత్యాల జిల్లాలో ఉంది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతం పసుపు పంటకు పేరుపొందింది. పసుపు, వేప, కుంకుడు చేతికందే చోట మూలికల సబ్బు తరతరాలుగా ఉండి ఉంటుందని అనిపించడం సహజం. అయితే అమ్మమ్మలు వాడినది సబ్బు కాదు. నూనె, క్షారం కలిసి రసాయనికంగా మారితేనే సబ్బు అవుతుంది; స్నానానికి వాడిన పాత సామగ్రిలో ఆ చర్య లేదు.

పిండి, కాయ

పెసలు, శనగలు, బియ్యం, పసుపు, బావంచాలు, కచ్చూరాలు ఎండబెట్టి విసిరితే సున్నిపిండి. నువ్వులనూనె అంటుకున్నాక దానితో నలుగు పెట్టుకొనేవారు. పిండి నూనెను పీల్చుకొని, దానితోపాటు మట్టిని ఊడదీస్తుంది. సుశ్రుతసంహిత దీనిని ఉద్వర్తనమన్నది. పన్నెండవ శతాబ్దపు కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసంలో స్నానాన్ని రాజభోగాల్లో ఒకటిగా వర్ణించాడు. కుంకుడుకు అమరకోశమిచ్చిన పేరు ఫేనిలం, అంటే నురుగు గలది. ఆ నురుగు కాయలోని సపోనిన్లది; దానికి నూనెతో గాని క్షారంతో గాని పని లేదు. పెండ్లి నలుగు నుండి దీపావళి తలంటు వరకు ఈ విద్యకు పాటలున్నాయి, ముహూర్తాలున్నాయి, శాస్త్రగ్రంథాల సాక్ష్యమూ ఉంది.

సౌడు

క్షారం సంగతి వేరు. దానికి పాటలు తక్కువ, పాటు ఎక్కువ. మనుస్మృతి ఐదవ అధ్యాయం పట్టును, ఉన్నిని చవుటిమన్నుతోను, మేక వెంట్రుకల కంబళ్ళను కుంకుళ్ళతోను శుద్ధి చేయాలని విధించింది. విధించిన గ్రంథానికి మన్ను తెలుసు. ఆ మన్నును తవ్వి తెచ్చేవారి ప్రస్తావన అక్కడ లేదు.

తెలంగాణలో సౌడు అని పిలిచే ఈ మన్నులో సోడా లవణాలుంటాయి. వేసవిలో నేలపై తెల్లగా పొంగిన పొరను గీకి తెచ్చి నీళ్ళలో కలిపేవారు. బట్టలను ఆ నీళ్ళలో ముంచి, బాన మీద వరుసలుగా పేర్చి, కింద మంట పెట్టి ఆవిరికి ఉడికించేవారు. ఇదే ఉబ్బవేయడం. ఆవిరి వేడికి సౌడులోని క్షారం బట్టకంటిన జిడ్డుపై పనిచేసి, అందులో కొంత భాగాన్ని సబ్బుగా మారుస్తుంది. తెల్లవారాక చాకిరేవులో బండకేసి ఉతికితే మురికి, ఆ కొద్దిపాటి సబ్బు కలిసి పోయేవి. ఈ ప్రాంతపు పాతకాలపు జీవితంలో సబ్బును వెదకవలసి వస్తే అది స్నానాల గదిలో కాక చాకలి బానలో దొరుకుతుంది. బట్టపై జిడ్డును తినే క్షారం ఉతికేవారి అరచేతులనూ తింటుంది.

కావ్యాల ఆధారంగా సాంఘిక చరిత్ర రాయడం మనకు సురవరం ప్రతాపరెడ్డి చూపిన బాట. ఆ బాట విలువైనదే గాని, కావ్యం దేనిని చూసిందో దానినే మనకూ చూపుతుంది. జలక్రీడలు, గంధాలు విస్తారంగా లభిస్తాయి. ఉబ్బవేసిన రాత్రి అరుదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణం ఇందుకు మినహాయింపు. జంగముల వస్త్రాలు ఉతికిన మడివాలు మాచయ్య అందులో భక్తుడే కాదు, వీరుడు కూడా. సోమనాథుని పేరుతో ముడిపడిన పాలకుర్తిలోనే శతాబ్దాల తరువాత చాకలి ఐలమ్మ తన పంటను, కౌలుభూమిని దేశ్‌ముఖు నుండి కాపాడుకోవడానికి నిలబడింది. ఈ రెండింటినీ ఒకే పాఠంగా బోధించవచ్చునని నా అభిప్రాయం.

ఉతకడానికి నిరాకరణ

దొరల ఇండ్లకు ఉతకడం వెట్టిలో భాగం. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో ఆ వెట్టికి వ్యతిరేకంగా రైతుకూలీ ఉద్యమం లేచింది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరు 20న ప్రభుత్వం ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆనాటి పోరాటరూపాల్లో దొరల సాంఘిక బహిష్కరణ ఒకటి: చాకలి, మంగలి, జీతగాళ్ళు గడీ పనికి పోవడం మానుకున్నారు. శుభ్రత ఎవరి శ్రమపై నిలిచిందో గడీలో మాసిన బట్టల కుప్ప చెప్పినంత స్పష్టంగా ఏ గ్రంథమూ చెప్పలేదు. బట్టల సబ్బు పల్లెలోకి రావడాన్ని ప్రకటనల ప్రభావంగా మాత్రమే చదివితే ఈ సందర్భం జారిపోతుంది.

మూలికల సబ్బు

సబ్బు అన్న మాట మూలం అరబీ సాబూన్. కర్మాగారపు సరుకుగా సన్‌లైట్ 1888లో కలకత్తా రేవులో దిగింది. దానికి స్వదేశీ జవాబుగానే మూలికలు సబ్బులో చేరాయి. 1916లో ఖగేంద్రచంద్ర దాస్ స్థాపించిన కలకత్తా కెమికల్ సంస్థ వేపనూనెతో మార్గో సబ్బును తెచ్చింది. 1940లో కేరళలో కేశవన్ వైద్యర్ చంద్రికను తయారుచేశారు. 1969లో మద్రాసులో వైద్యుడు వి.పి. సిద్ధన్ మెడిమిక్స్‌ను ఇంటి వంటగదిలోనే మొదలుపెట్టారు. అంటే మూలికల సబ్బుకు చరిత్ర ఉంది, కాని అది ఇరవయ్యో శతాబ్దపు చరిత్ర.

ఇంటి తయారీలో 500 గ్రాముల కొబ్బరినూనెకు సుమారు 85–90 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది. సోడాను నీళ్ళలో వేయాలి. నీళ్ళను సోడాపై పోస్తే చిమ్ముతుంది. అచ్చులో పోసిన సబ్బు నాలుగు నుండి ఆరు వారాలు ఆరాలి. ఇందులో పసుపు వేస్తే క్షారం తగిలి ఎర్రబారుతుంది. ఈ మార్పు మన ఇండ్లకు కొత్తది కాదు. పసుపులో సున్నం కలిపిన పారాణి అదే.

కాస్టిక్ సోడాకు భయపడేవారికి నేడు సిద్ధమైన సబ్బు ముద్దలు దొరుకుతున్నాయి. వాటిని కరిగించి, వేపాకు పొడి, పసుపు కలిపి అచ్చులో పోస్తే చాలు. క్షారం ఇంటి గడప తొక్కదు. ఆ ముద్ద కోసం సోడా కలిపినవారు ఎవరో, ఏ కర్మాగారంలో ఏ కూలికి కలిపారో పొట్లంపై ఉండదు. పెగడపల్లి వంటి గ్రామాల్లో సౌడు గీకిన, బాన కాచిన పెద్దల అనుభవాన్ని వారి మాటల్లోనే నమోదు చేయవలసిన పని ఇంకా మిగిలి ఉంది. ఉబ్బ, బాన, సౌడు అన్న మాటల అర్థాన్ని నిఘంటువు ఇస్తుంది. ఎన్ని బట్టలకు ఎంత సౌడు, ఎంతసేపు మంట అన్న లెక్క వారి దగ్గరే ఉంది.