మద్దిచెట్ల మీది దసలి చిమ్మట

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల తూర్పు అంచున, గోదావరి ప్రాణహితల వెంట ఉన్న అడవుల చరిత్ర రాసినవారు టేకుకూ బొగ్గుకూ ఇచ్చిన చోటు దసలి చిమ్మటకు ఇవ్వలేదు. సీతాకోకచిలుకకు దగ్గరి బంధువై, రాత్రిపూట ఎగిరే ఈ రెక్కల పురుగే లేకపోతే మహదేవ్‌పూర్ దసలి పట్టుచీరకు దారమే లేదు.

1773లో డ్రూ డ్రూరీ అనే ఆంగ్ల కీటక శాస్త్రజ్ఞుడు దీన్ని వర్ణించి పేరు పెట్టగా, ఒకప్పుడు సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ 1804లో బెంగాల్ దసలి పురుగు మీద వ్యాసం ప్రచురించాడు. ఇద్దరి దృష్టీ మొదట పడింది పురుగు మీదే. దాన్ని వెనక్కి నెట్టి బట్టను ముందుకు తెచ్చింది తరవాతి కాలపు వాణిజ్యం.

మగ చిమ్మట ఇటుక రంగులోనూ, ఆడది పసుపు లేదా బూడిద రంగులోనూ ఉండి, రెక్కలు చాచినప్పుడు దాదాపు జానెడు వెడల్పు తేలుతుంది. ఒక్కో రెక్క నడుమ గాజుపొరలాంటి గుండ్రని మచ్చ ఉంటుంది. వెలుగుకు ఎదురుగా పట్టి చూస్తే ఆ మచ్చలోంచి అవతలి ఆకు కనిపిస్తుంది. తినడానికి పనికివచ్చే నోరు దీనికి లేదు కాబట్టి, పురుగు దశలో మద్ది ఆకు మేసి కూడబెట్టుకున్న శక్తితోనే వారం పది రోజులు బతికి, జతకట్టి, రెండు వందల దాకా గుడ్లు పెట్టి చనిపోతుంది.

చెన్నూరు, కోటపల్లి, మహదేవ్‌పూర్ ప్రాంతాల్లో దసలి పెంచే గిరిజన, ఇతర పేద కుటుంబాలకు ఈ జీవితమంతా తెలిసిన సంగతే. పురుగు తన చుట్టూ కట్టుకునే పట్టుగూళ్లలో, అంటే కాయల్లో, మంచివాటిని విత్తనానికి ఏరి దండలుగా కట్టి వేలాడదీస్తే, పొద్దుగూకాక చిమ్మట ఒక ద్రవంతో కాయ కొనను మెత్తబరచి బయటికి వస్తుంది. గుడ్లు పెట్టిన ఆడదాని శరీరాన్ని నూరి సూక్ష్మదర్శినిలో పరీక్షించి, తల్లి నుంచి పిల్లలకు సోకే పెబ్రిన్ అనే రోగం కనిపిస్తే ఆ గుడ్లను పారేస్తారు. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ చూపిన పద్ధతి ఇది. గుడ్ల నుంచి వెలువడిన పిల్లపురుగులను మద్దిచెట్ల మీదికి ఎక్కించాక, అవి నాలుగుసార్లు కుబుసం విడిచి, కొమ్మకు తొడిమతో గట్టి కాయ కట్టుకునేదాకా, పిట్టల నుంచీ చీమల నుంచీ కాపాడుతూ నెలకు పైగా చెట్టుకిందే కాపలా ఉండాలి. చీర ధరలో ఈ కాపలాకు తగిన విలువ ఎన్నడూ దక్కలేదని చెప్పక తప్పదు.

విత్తనానికి ఉంచిన కాయలు పోగా మిగతావాటిని చిమ్మట వెలువడకముందే ఎండబెట్టి, క్షారం కలిపిన నీళ్లలో ఉడికించి దారం తీస్తారు. చిమ్మట బయటికి వచ్చేసిన కాయ నుంచి ఒకే పొడవైన పోగు రాదు గనక, దాన్ని చేత్తో వడికి ముతక దారం చేస్తారు. మగ్గం మీద దానికీ చోటుంది.