అద్దాల మేడలు, ఆలస్యమైన జీవో

కరెంటు కొరత మాట రాగానే మన ఐటీ జనం నోట వెంటనే వచ్చే తీర్పు ఒకటుంది: "రైతులకి ఉచితంగా ఇచ్చేస్తే ఇంకేం మిగుల్తుంది?" 2004లో మొదలైన ఆ పథకం మంచిచెడ్డలు ఇంకోసారి మాట్లాడుకుందాం. నా సందేహమల్లా, ఆ తీర్పు ఇచ్చే మనం కూర్చున్న బిల్డింగు సంగతేంటని.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరిచారు. ఆ తర్వాత మాదాపూర్, గచ్చిబౌలి గుట్టల మధ్య వరసగా ఆఫీసులు లేచాయి. చాలావాటిది ఒకటే వేషం, నిలువెల్లా అద్దం. చలిదేశాల్లో అద్దం ఎండని లోపలికి రానిచ్చి గదిని వెచ్చగా ఉంచుతుంది. మన మే నెల ఎండలో కూడా అది చేసేది అదే పని! ఆ వేడిని బయటికి తోయడానికి ఏసీ, ఆ ఏసీకి కరెంటు.

మరి సర్కారుకి ఇది తెలీదా? బ్రహ్మాండంగా తెలుసు. పార్లమెంటు ఇంధన పొదుపు చట్టం చేసింది 2001లో. 2004 జూలైలో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం హైటెక్ సిటీకి దగ్గర్లోనే సీఐఐ-గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ ప్లాటినం రేటింగు పొందిన మొదటి భవనం అది. అందులో మన రాష్ట్ర ప్రభుత్వమూ భాగస్వామే. అంటే, పాఠం పెరట్లోనే ఉంది.

2007 మేలో కేంద్రం ఈసీబీసీ అనే భవన నియమావళి విడుదల చేసింది. పెద్ద వాణిజ్య భవనాల గోడలు, పైకప్పు, అద్దాలు, ఏసీలు, లైట్లు ఎలా ఉండాలో అందులో లెక్కలతో సహా ఉంది. అయితే రాష్ట్రం తన వాతావరణానికి తగ్గట్టు మార్చుకుని నోటిఫై చేస్తేనే అది తప్పనిసరి. రాజస్థాన్ 2011లో ఆ పని చేసింది. మనం 2012లో పరిశ్రమలకి పవర్ హాలిడేలు ప్రకటించుకున్నాం గానీ, జీవో వచ్చింది మాత్రం 2014 జనవరిలో. నాలుగు నెలలకే రాష్ట్రం రెండైంది.

స్పెక్ వచ్చిన ఏడేళ్ళకి డిప్లాయ్‌మెంట్ అన్నమాట. ఎందుకిలా? నాకు రెండు కారణాలు కనిపిస్తున్నాయి. ఒకటి, కరెంటు పొదుపు ఇంధన శాఖ పని, బిల్డింగ్ ప్లాన్ మీద సంతకం మునిసిపల్ శాఖది. ఒకరి బాధ ఇంకొకరికి పట్టదు. రెండు, చవక అద్దం వేసి మిగుల్చుకునేది బిల్డరు, నెలనెలా బిల్లు కట్టేది అద్దెకున్న కంపెనీ. ఇక తొందర ఎవరికి?

2014 జీవోలో నాకు నచ్చిన విషయం, ఈ నిబంధనల్ని భవన అనుమతితో ముడిపెట్టడం. శాఖలు రెండూ ఒకే కాగితం మీదకి వచ్చాయి. కానీ కాగితం మీద సంతకం వేరు, కట్టిన బిల్డింగు దగ్గరికెళ్ళి అద్దం, ఇన్సులేషన్ సరిచూసే మనిషి వేరు. ఒక ప్రభుత్వం సిద్ధంగా ఉందా లేదా అని అడిగితే, నేను చూసేది ఆ రెండో మనిషినే.

సాఫ్ట్‌వేర్‌లో బగ్ దొరికితే రాత్రికి రాత్రే ప్యాచ్ వేస్తాం. బిల్డింగుకి అలా కుదరదు, యాభై ఏళ్ళు అలాగే నిలబడి కరెంటు తాగుతుంది. హైదరాబాద్‌లో ఆ ఏడేళ్ళూ పోయాయి. విజయవాడ, విశాఖ, వరంగల్‌లో కట్టాల్సినవి ఇంకా బోలెడున్నాయి. అక్కడ ప్లాన్ పాస్ చేసే ఆఫీసరు అద్దం గురించి ఒక్క ప్రశ్న అడిగితే, ఈ చరిత్ర కొంతైనా పనికొచ్చినట్టే.