పద్యము – బొమ్మ – ఇల్లు

పూర్వము తెలుగునాట బాలురకు తొలి బడి ఇల్లే. అక్షరములు రాని తల్లులును, అవ్వలును సుమతీ, వేమన పద్యములను బిడ్డలకు నోట నేర్పిరి. కందమునందలి ప్రాసయు, పద్యాంతమున మరల మరల వచ్చు మకుటమును జ్ఞాపకమునకు ఊతలైనవి.

1829లో బ్రౌను దొర వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చు వేయించెను. పద్యము పుస్తకమున కెక్కినది. కాని ఆ పుస్తకము పెద్దలకే గాని పసివారికి గాదు.

1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసునుండి ‘బాల’ పత్రికను వెలువరించిరి. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గారల ‘చందమామ’ ఉదయించెను. బాలసాహిత్యమున అక్షరమునకు తోడుగా బొమ్మ నిలిచినది.

ఇందలి మేలు స్వల్పము గాదు. చదువురాని తల్లియు బొమ్మను జూపి, “ఇది యేమి? తరువాత నేమి జరుగును?” అని యడుగగలదు. బిడ్డ గేయమును పాడుచు మాటమాటకు వ్రేలుంచి చూపగలడు. అట్లు నోటిపద్యమును నేర్పిన తల్లియే బిడ్డవలన అక్షరమును నేర్వవచ్చును.

నోటిచదువు సన్నగిల్లి, బొమ్మలపుస్తకము ఇల్లు చేరనిచో బిడ్డకు రెండును దక్కవు. బీరువాలో తాళము క్రింద నున్న పుస్తకము చెదలకే యుపయోగము. కావున చందాదారులు తమకొక గ్రంథము గొనిపోవునపుడు పిల్లలకొక గేయపుస్తకమును గూడ గొనిపోయి, రాత్రి భోజనానంతరము బిగ్గరగా చదివింతురు గాక!